జిల్లా పేజీలో ‘రెండు శాతం శాస్త్రవేత్త’: అకర్బన రసాయన పరిశోధనను అంకెలు ఎంతవరకు చెబుతాయి?

ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల పేజీల్లో ఒక వార్త కనిపిస్తుంది: ‘ప్రపంచ అగ్రశ్రేణి రెండు శాతం శాస్త్రవేత్తల జాబితాలో మన ఆచార్యుడు’. శాలువా కప్పిన ఫొటో, కింద పరిశోధన పత్రాల సంఖ్య, హెచ్-ఇండెక్స్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉంటాయి. ఆయన ప్రయోగశాలలో ఏం తయారుచేశారన్నది మాత్రం చాలాసార్లు ఉండదు.

2025లో ఆ వార్తల వెంటనే మరో వార్త వచ్చింది. లోహాలనూ కర్బన అణువులనూ కలిపి కట్టిన చట్రాలకు గాను రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిని సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకు ప్రకటించారు. రాబ్సన్‌కు అప్పటికి 88 ఏళ్లు. బహుమతి తెచ్చిన ఆలోచన ఆయనకు 1974లో వచ్చింది, దాని మీద తొలి ఫలితం 1989లో అచ్చయింది. అంకెలే కొలమానమైతే మధ్యలోని ఆ పదిహేనేళ్లను ఏ గడిలో నింపాలి? ఎంఎస్సీలో ఆర్గానిక్ (కర్బన రసాయనం) తీసుకోవాలా, ఇనార్గానిక్ (అకర్బన రసాయనం) తీసుకోవాలా అని తేల్చుకోలేక తిరిగే బీఎస్సీ విద్యార్థులకు, వారి ఇంటివారికి ఈ రెండు వార్తలూ కలిసి అయోమయమే మిగులుస్తాయి. కాబట్టి ముందు అకర్బన పరిశోధన అంటే ఏమిటో చూసి, తర్వాత అంకెల సంగతి చూద్దాం.

కర్బనం కానిదంతా అకర్బనమేనా?

పాఠ్యపుస్తకం చెప్పే తేడా తేలికైనది. కర్బనం, హైడ్రోజన్ ప్రధానంగా ఉన్న సమ్మేళనాలది కర్బన రసాయన శాస్త్రం. మిగిలిన వంద పైచిలుకు మూలకాలది అకర్బన రసాయన శాస్త్రం. సిమెంటు, గాజు, ఎరువుల కోసం చేసే అమ్మోనియా, బ్యాటరీలోని లోహ ఆక్సైడ్లు, రంగుల్లో వాడే టైటానియం డయాక్సైడ్ ఈ రెండో శాఖకు చెందినవి.

ప్రయోగశాల గడప దాటితే ఆ గీత చెరిగిపోతుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ మధ్యలో ఇనుము ఉంది. ఆకుల్లోని పత్రహరితం మధ్యలో మెగ్నీషియం, విటమిన్ బి12 మధ్యలో కోబాల్ట్ ఉన్నాయి. వీటి చుట్టూ ఉన్నదంతా కర్బన అణువులే. లోహ అయాన్‌కు ఎలక్ట్రాన్ జంటను ఇచ్చి దానికి అతుక్కునే ఇలాంటి అణువును లైగాండ్ అంటారు. లోహమూ లైగాండ్లూ కలిసి ఏర్పడేవి సమన్వయ సమ్మేళనాలు. మన విశ్వవిద్యాలయాల్లో ఇనార్గానిక్ పరిశోధన అంటే ఎక్కువ భాగం వీటి చుట్టూ తిరిగేదే. ఆర్గానిక్ చర్యలు గుర్తుండవని ఇనార్గానిక్‌లో చేరే విద్యార్థి తొలి ఏడాదంతా లైగాండ్లు తయారుచేస్తూ, అంటే అచ్చంగా ఆర్గానిక్ చేస్తూ గడపాల్సి వస్తుంది. ఈ మాట చేరేముందు ఎవరూ చెప్పరు.

సిల్వర్ నైట్రేట్‌తో నిర్మాణాన్ని పట్టుకున్న వెర్నర్

ఈ శాఖలో వాదన ఎలా నడుస్తుందో చూడాలంటే ఆల్ఫ్రెడ్ వెర్నర్ ఉదాహరణను మించింది లేదు. 1893లో ఆయన తన సిద్ధాంతాన్ని ప్రకటించేనాటికి వయసు 26. అప్పటికి ఎక్స్-కిరణాలనే ఎవరూ కనుక్కోలేదు, స్ఫటికం లోపల అణువులు ఎలా అమరాయో చూసే సాధనం లేదు.

అప్పట్లో రసాయనవేత్తలను వేధించిన ప్రశ్న ఇది. కోబాల్ట్(III) క్లోరైడ్‌లో ఒక కోబాల్ట్‌కు మూడు క్లోరిన్లు ఉంటాయి. సంయోజకత మూడు కాబట్టి లెక్క అక్కడికి సరిపోయింది. అయినా అది అమ్మోనియాను కూడా కలుపుకొని స్థిరమైన సమ్మేళనాలు ఇస్తుంది: ఆరు అమ్మోనియాలతో పసుపు-నారింజ రంగుది, ఐదింటితో ఊదా రంగుది, నాలుగింటితో ఆకుపచ్చది. లెక్క పూర్తయిన అణువుకు ఇంకా ఆరు అమ్మోనియాలు ఎలా అతుక్కుంటాయి?

ఒక్కోదాన్ని నీటిలో కరిగించి సిల్వర్ నైట్రేట్ కలపండి. విడిగా తిరిగే క్లోరైడ్ అయాన్ ఉంటే వెండితో కలిసి తెల్లటి అవక్షేపంగా దిగుతుంది. ఇంటర్మీడియట్ ప్రాక్టికల్స్‌లో చేసిన పరీక్షే ఇది. ఆరు అమ్మోనియాల సమ్మేళనంలో మూడు క్లోరైడ్లూ అవక్షేపిస్తాయి. ఐదు అమ్మోనియాల దానిలో రెండే దిగుతాయి, నాలుగు అమ్మోనియాల దానిలో ఒక్కటే దిగుతుంది.

దిగనివి ఎక్కడున్నాయి? కోబాల్ట్‌నే నేరుగా పట్టుకుని ఉండాలి. ఇప్పుడు కోబాల్ట్‌ను అంటుకుని ఉన్నవాటిని లెక్కించండి. మొదటిదానిలో ఆరు అమ్మోనియాలు. రెండోదానిలో ఐదు అమ్మోనియాలు, ఒక క్లోరైడ్. మూడోదానిలో నాలుగు అమ్మోనియాలు, రెండు క్లోరైడ్లు. మూడుచోట్లా మొత్తం ఆరే. లోహానికి సంయోజకత కాక, చుట్టూ ఎన్నిటిని పట్టుకోగలదన్న రెండో సంఖ్య కూడా ఉందని వెర్నర్ తేల్చాడు. దాన్నే ఇప్పుడు సమన్వయ సంఖ్య అంటున్నాం.

ఆ ఆరూ ఏ ఆకారంలో ఉన్నాయన్నది తర్వాతి ప్రశ్న. నాలుగు అమ్మోనియాలు, రెండు క్లోరైడ్లు ఉన్న సమ్మేళనాన్ని తీసుకుంటే, ఆరూ చదునైన షడ్భుజి మూలల్లో ఉంటే మూడు రకాల అమరికలు సాధ్యం. త్రిభుజాకార పట్టకమైనా మూడే. అష్టముఖి మూలల్లో ఉంటే రెండే సాధ్యం: క్లోరైడ్లు పక్కపక్కన ఉండేది, ఎదురెదురుగా ఉండేది. మూడో రకం ఎవరికీ దొరకలేదు. చిక్కేమిటంటే, ఈ సమ్మేళనంలో రెండో రకం కూడా అప్పటికి దొరకలేదు. పక్కపక్కన క్లోరైడ్లున్న ఆ వయొలెట్ రంగు రూపాన్ని వెర్నర్ 1907లో, అంటే ఊహించిన పద్నాలుగేళ్లకు తయారుచేశాడు. 1913లో నోబెల్ వచ్చింది. అకర్బన రసాయన శాస్త్రంలో చేసిన పనికి ఆ గౌరవం మళ్లీ 1973లో ఫిషర్, విల్కిన్సన్‌లకు వచ్చిందని సాధారణంగా లెక్కవేస్తారు.

అమరిక తేడా ఎంత దూరం వెళ్తుందో సిస్‌ప్లాటిన్ చూపిస్తుంది. ఒక ప్లాటినం చుట్టూ రెండు అమ్మోనియాలు, రెండు క్లోరైడ్లు చతురస్రంగా ఉంటాయి. క్లోరైడ్లు పక్కపక్కన ఉంటే అది క్యాన్సర్ మందు, ఎదురెదురుగా ఉంటే మందుగా పనికిరాదు. ఇటలీకి చెందిన పెరోనె దీన్ని 1845లోనే తయారుచేశాడు. బార్నెట్ రోజెన్‌బర్గ్ బృందం 1965లో, విద్యుత్ క్షేత్రం బాక్టీరియాను ఏం చేస్తుందో చూడబోయి, ప్లాటినం ఎలక్ట్రోడ్ల నుంచి కరిగిన పదార్థమే కణ విభజనను ఆపుతోందని గమనించింది. అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది 1978లో. సీసాలోకి వచ్చిన 133 ఏళ్లకు మందుగా గుర్తింపు దక్కిందన్నమాట.

నోబెల్ తెచ్చిన చట్రాలు

2025 నోబెల్ పొందిన పదార్థాలను లోహ-కర్బన చట్రాలు అందాం. పరిశోధకులు క్లుప్తంగా మాఫ్‌లు అంటారు. పాత పెంకుటింట్లో స్తంభాలను దూలాలతో కలిపి, మధ్యలో గదులు వదిలినట్టే ఇక్కడ లోహ అయాన్లు కూడళ్లుగా, పొడవైన కర్బన లైగాండ్లు దూలాలుగా ఉంటాయి. వాటి మధ్య ఖాళీ గదులు ఏర్పడతాయి, ఆ గదుల్లోకి వాయువులు వెళ్లి నిలుస్తాయి.

మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే రాబ్సన్ 1974లో విద్యార్థులకు చూపించడానికి కొయ్య బంతులు, కడ్డీలతో అణువుల నమూనాలు చేయించాడు. ఏ బంతికి ఏ కోణంలో రంధ్రాలు పెట్టాలో వర్క్‌షాపు వారికి గుర్తులు పెట్టి ఇస్తుంటే ఒక సంగతి తట్టింది: రంధ్రాల స్థానంలోనే తుది ఆకారం దాగి ఉంది. అయితే బంతుల బదులు నిజమైన లోహ అయాన్లను, కడ్డీల బదులు అణువులను పెడితే? అది ప్రయత్నించడానికి ఆయనకు పదేళ్లకు పైగా పట్టింది. నాలుగు చేతుల లైగాండ్‌ను రాగి అయాన్లతో కలిపితే వజ్రంలో కర్బన పరమాణువుల అమరికను పోలిన స్ఫటికం వచ్చింది. వజ్రం గట్టిగా కిక్కిరిసి ఉంటే, దీనిలో నిండా ఖాళీలే. కాకపోతే అది బలహీనమైనది, ఇట్టే కూలిపోయేది.

‘అందంగా ఉంది, ఎందుకు పనికొస్తుంది?’ అన్నది చాలామంది మాట. జపాన్‌లో కిటగావాకు ఇదే ఎదురైంది. 1992లో ఆయన చేసిన తొలి నిర్మాణం పెద్దగా ఉపయోగపడేది కాదు, నిధుల కోసం పెట్టిన దరఖాస్తులు తిరిగొచ్చాయి. 1997లో ఆయన బృందం చేసిన చట్రం మీథేన్, నైట్రోజన్, ఆక్సిజన్‌లను ఆకారం చెడకుండా పీల్చి వదిలింది. జోర్డాన్‌లో శరణార్థి కుటుంబంలో పుట్టి, పదిహేనేళ్ల వయసులో అమెరికా వెళ్లిన యాఘీ 1999లో మాఫ్-5 చేశాడు. లోపల ఖాళీగా ఉన్నా 300 డిగ్రీల సెల్సియస్ వరకు అది కూలలేదు.

దాని ఉపరితల వైశాల్యం గ్రాముకు సుమారు 2,900 చదరపు మీటర్లు అని అప్పట్లో ప్రకటించారు. ఫుట్‌బాల్ మైదానం సుమారు 7,100 చదరపు మీటర్లు. భాగిస్తే, ఆ మైదానమంత వైశాల్యానికి రెండున్నర గ్రాముల పొడి చాలు. గది గోడలన్నీ, ప్రతి దూలం నాలుగు వైపులా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఇంత వైశాల్యం.

ఇక్కడే ఒక చిక్కుంది. మాఫ్-5లో జింక్-ఆక్సిజన్ బంధాలను నీటి అణువులు తెంచేస్తాయి. కృష్ణా తీరపు తేమ గాలిలో మూత తీసి పెడితే ఆ నిర్మాణం నిలవదు. అందుకే నీటిని తట్టుకునే లోహాల కోసం వెతుకులాట మొదలైంది. 2008లో ఆస్లో విశ్వవిద్యాలయం జిర్కోనియంతో చేసిన యూఐఓ-66 ఆ దారిలో పెద్ద అడుగు. ఎడారి గాలి నుంచి రాత్రి తేమ పట్టి పగటి ఎండకు నీరు వదిలే మాఫ్‌లను యాఘీ బృందం అరిజోనాలో పరీక్షించింది. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే కాల్ఫ్-20ని కెనడాలో ఒక ఫ్యాక్టరీలో పరీక్షిస్తున్నారు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికో, జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలకో ఇలాంటివి రావాలంటే టన్నుల్లో చౌకగా తయారు కావాలి. పొగలోని నీటి ఆవిరిని, గంధకపు ఆక్సైడ్లను ఏళ్ల తరబడి తట్టుకోవాలి. గ్రాముల్లో నెగ్గిన పదార్థం టన్నుల్లో ఓడిపోవడం ఈ రంగంలో మామూలే.

గుంటూరులో పీహెచ్‌డీ అంటే ఏం చేస్తారు?

1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రంగా మొదలై 1976లో విశ్వవిద్యాలయంగా మారిన నాగార్జున వర్సిటీ కావచ్చు, చుట్టుపక్కల ప్రైవేటు వర్సిటీలు కావచ్చు, అకర్బన రసాయన విద్యార్థి దినచర్య దాదాపు ఒకటే: లైగాండ్ తయారుచేయడం, శుద్ధి చేయడం, లోహ లవణంతో కలపడం, స్ఫటికం కోసం ఎదురుచూడడం. ద్రావణి నెమ్మదిగా ఆవిరైతేనే మంచి స్ఫటికం. ఎండాకాలంలో ఏసీ లేని గదిలో అది తొందరగా ఆవిరైపోయి అడుగున పొడి మిగులుతుంది. ఒంటరి స్ఫటికం చిక్కితే ఎక్స్-కిరణాలతో నిర్మాణం తేల్చాలి. ఆ పరికరం ప్రతి కాలేజీలో ఉండదు కాబట్టి నమూనాలు ఐఐటీ మద్రాసులోని సైఫ్ (అధునాతన విశ్లేషణ పరికరాల కేంద్రం) వంటి చోట్లకు వెళ్తాయి. రుసుము కట్టాలి, వరుసలో ఆగాలి.

మన దగ్గర బాగా కనిపించే థీసిస్ రకం షిఫ్ బేస్ సమ్మేళనాలది. ఆల్డిహైడ్, అమీన్‌లను ఇథనాల్‌లో మరిగిస్తే షిఫ్ బేస్ అనే లైగాండ్ వస్తుంది. దానికి రాగి, కోబాల్ట్, నికెల్ కలిపితే రంగురంగుల సమ్మేళనాలు వస్తాయి. ఐఆర్ (పరారుణ) వర్ణపటంలో 1600 ప్రాంతంలోని కర్బన-నైట్రోజన్ గీత జరిగితే లోహం అతుక్కుందని అర్థం. చివర్లో రెండు మూడు బాక్టీరియాల మీద పరీక్ష పెట్టి పత్రం రాస్తారు. దీని మీద విమర్శ గట్టిగానే ఉంది: లైగాండ్‌లో ఒక మూల మార్చి అదే కథ మళ్లీ చెబుతున్నారని, స్ఫటిక నిర్మాణం లేకుండా ఆకారాన్ని ఊహిస్తున్నారని అంటారు. సమర్థించేవారి మాటా కొట్టిపారేయలేం. తక్కువ ఖర్చుతో తయారీ, శుద్ధి, వర్ణపట విశ్లేషణ అన్నీ చేతికి వస్తాయి, పరికరాలు లేని చోట ఇంతకంటే మంచి శిక్షణ కష్టం. నా అభిప్రాయంలో తప్పు షిఫ్ బేస్‌లో లేదు. బాక్టీరియా పరీక్షను ప్రశ్నగా కాక అలంకారంగా పెట్టడంలో ఉంది.

హెచ్-ఇండెక్స్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్, రెండు శాతం: లెక్క వేసి చూస్తే

ఒక పత్రాన్ని మరో పత్రం ఆధారంగా పేర్కొంటే దాన్ని ఉల్లేఖన, వాడుకలో సైటేషన్ అంటారు. 2005లో భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ దీని మీదే నడుస్తుంది. కనీసం ఐదేసి ఉల్లేఖనలున్న పత్రాలు ఐదు ఉండి, ఆరేసి ఉన్నవి ఆరు లేకపోతే హెచ్ విలువ ఐదు.

ఇద్దరిని ఊహించుకోండి. మొదటివారి ఏడు పత్రాలకు ఉల్లేఖనలు 40, 22, 9, 6, 5, 3, 1. ఐదో పత్రానికి ఐదున్నాయి, ఆరోదానికి మూడే. హెచ్ ఐదు, మొత్తం ఉల్లేఖనలు 86. రెండోవారి నాలుగు పత్రాలకు 900, 310, 120, 2. హెచ్ మూడు, మొత్తం 1,332. హెచ్ మొదటివారిని గెలిపిస్తుంది. కొత్త తరహా పదార్థాన్ని చేసింది మాత్రం రెండోవారే అయి ఉండవచ్చు. పైగా హెచ్ విలువ వయసుతో పెరుగుతుందే కానీ తగ్గదు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ మనిషిది కాదు, పత్రికది. ఒక పత్రిక 2023, 2024లలో 200 వ్యాసాలు ప్రచురించిందనుకుందాం. వాటికి 2025లో 1,000 ఉల్లేఖనలు వస్తే ఆ ఏటి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఐదు. అది సగటు. పది వ్యాసాలకే 700 వచ్చి, మిగతా 190కి 300 వచ్చి ఉండవచ్చు. రెండేళ్ల కిటికీ గుండా చూస్తే రాబ్సన్ 1989 పత్రం లాంటివాటికి అన్యాయం జరిగే అవకాశం ఎక్కువ. వాటి అవసరం లోకానికి పదేళ్ల తర్వాత తెలుస్తుంది.

ఇక రెండు శాతం జాబితా. ‘స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ర్యాంకు’ అని వార్తల్లో రాస్తారు కానీ, అది విశ్వవిద్యాలయం ఇచ్చే బిరుదు కాదు. అక్కడి ప్రొఫెసర్ జాన్ అయొనిడిస్, మరికొందరు కలిసి స్కోపస్ అనే ఉల్లేఖనల భాండాగారం సమాచారంతో చేసే పట్టిక ఇది. మొత్తం ఉల్లేఖనలు, హెచ్-ఇండెక్స్, సహరచయితలను లెక్కలోకి తీసుకున్న హెచ్, ఏకైక, మొదటి, చివరి రచయితగా వచ్చిన ఉల్లేఖనలు వంటి ఆరు అంశాలు కలిపి స్కోరు వేస్తారు. శాస్త్రాలను 174 ఉపవిభాగాలుగా విడదీస్తారు. అకర్బన, అణు రసాయన శాస్త్రం ఒక ఉపవిభాగం. వైద్యంలో ఉల్లేఖనలు ఎక్కువ కాబట్టి ఆ పోలిక ఇక్కడికి రాకుండా చూడడం ఈ పట్టిక బలం. మరో సంగతి, జాబితాలు రెండు: మొత్తం వృత్తి జీవితానిది, ఒక్క ఏడాదిది. స్వీయ ఉల్లేఖనలు కలిపి, తీసేసి కూడా లెక్కలు ఇస్తారు. వార్త చదివేటప్పుడు ఏ జాబితా, ఎలాంటి లెక్క అని చూస్తే సగం సందేహం తీరుతుంది.

లెక్కలోకి రాని మరో జాడ ఉంది. 1965లో మొదలైన కేంబ్రిడ్జి స్ఫటిక నిర్మాణాల భాండాగారంలో కర్బన, లోహ-కర్బన సమ్మేళనాల నిర్మాణాలు భద్రపరుస్తారు. 2019లో అది పది లక్షలు దాటింది. ప్రతి నిర్మాణానికీ సంఖ్య ఉంటుంది, ఎవరైనా తీసి సరిచూసుకోవచ్చు. ఫలానా పరిశోధకుడు ఏం చేశాడో తెలుసుకోవడానికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కంటే ఇది నమ్మదగ్గ దారి అని నాకనిపిస్తుంది.

పత్రం తప్పనిసరా? రెండు వైపుల మాట

థీసిస్ సమర్పించే ముందు పత్రం ప్రచురించి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లో తొలగించింది. స్వాగతించినవారి వాదన: ఆ నిబంధన వల్లే డబ్బు కట్టించుకుని ఏదైనా అచ్చువేసే పత్రికలు పెరిగాయి, గడువు తరిమితే విద్యార్థి తేలిక సమస్యనే ఎంచుకుంటాడు. వ్యతిరేకించినవారి వాదన: గైడు, ఇద్దరు పరీక్షకులు తప్ప బయటి కన్ను పడకుండానే పట్టా వచ్చేస్తుంది, విదేశీ పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన కొలువుకు) దరఖాస్తు చేసేటప్పుడు పత్రం లేని అభ్యర్థి వెనకబడతాడు. రెండు భయాలూ నిజమైనవే. సొంతంగా పత్రాలు అడిగే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి కాబట్టి, చేరేచోట నిబంధన ఏమిటో ముందే అడగడం మేలు.

ఐదేళ్లకు చేతికొచ్చేది

సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపై ఎస్ఆర్ఎఫ్‌గా (సీనియర్ రీసెర్చ్ ఫెలోగా) 42,000. ఇవి 2023 జనవరి నుంచి అమలైన రేట్లు. రెండేళ్లకు 8,88,000, తర్వాతి మూడేళ్లకు 15,12,000. ఐదేళ్లకు సరిగ్గా 24 లక్షలు, ఇంటి అద్దె భత్యం అదనం. ఫెలోషిప్ లేకుండా రాష్ట్ర వర్సిటీలో చేరినవారికి ఈ లెక్క వర్తించదు. వారిలో చాలామంది కాలేజీల్లో పాఠాలు చెబుతూ పరిశోధన సాగిస్తారు.

హైదరాబాద్ ఔషధ పరిశ్రమ వల్ల మన ప్రాంతంలో ఆర్గానిక్ వైపు మొగ్గు సహజం. ఎంఎస్సీ పూర్తవగానే ఉద్యోగం కావాలనుకునే ఇంటికి ఆ లెక్క సబబే. ఉత్ప్రేరకాలు, బ్యాటరీ పదార్థాలు, పింగాణీ, అణు ఇంధనం వంటి చోట్ల అకర్బన రసాయనానికి గిరాకీ ఉంది కానీ, అక్కడ ఎక్కువగా పీహెచ్‌డీ చేసినవారికే తలుపు తెరుచుకుంటుంది. ఎంఎస్సీలో ఏది తీసుకున్నా నెట్‌లో రసాయన శాస్త్రాలకు ఉన్నది ఒకే ప్రశ్నపత్రం: మొత్తం 200 మార్కులు, అకర్బన, కర్బన, భౌతిక రసాయనాల ప్రశ్నలు అందులోనే కలిసి వస్తాయి. ఆర్గానిక్ ఎంఎస్సీతో జేఆర్ఎఫ్ తెచ్చుకుని సమన్వయ సమ్మేళనాల మీద పీహెచ్‌డీ చేసేవారూ ఉంటారు.